ఒంటికి చేరిన తప్పు కబురు

కస్తూరి పుట్టిల్లు ఉద్దనపల్లి. మెట్టినిల్లు హోసూరు. మామగారు అనంతయ్యకు పాత బస్టాండుకు ఇవతల స్టీలు పాత్రల అంగడి ఉంది. కింద అంగడి, పైన కాపురం. కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో ఆమె అంగడి గడప తొక్కింది తక్కువ. అత్తగారు పోయాక మధ్యాహ్నాలు పైన ఒక్కతే ఉండలేక, మెల్లగా కిందికి దిగి ఒక మూల కూర్చోవడం అలవాటు చేసుకుంది. పాత్రల మీద పేర్లు వేసే పెద్దాయనకు చూపు మందగించి పని మానేసినప్పుడు ఆ కరెంటు పెన్ను కస్తూరి చేతికి వచ్చింది.

ఆమె చెయ్యి ఆ పనికే పుట్టినట్టుంది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ గుండ్రంగా, వంకర లేకుండా వేస్తుంది. కెలమంగలం నుంచీ, రాయకోట నుంచీ పెళ్లి సామాన్లు కొనడానికి వచ్చేవాళ్ళు "ఆయమ్మతోనే వేయించండప్పా" అని అడిగేవాళ్ళు. బిందెల మీద పెళ్లికూతుళ్ల పేర్లు, ఉగ్గుగిన్నెల మీద పసిపిల్లల పేర్లు. మొదట్లో ఉగ్గుగిన్నె చేతికి వచ్చినప్పుడల్లా దాన్ని పక్కన పెట్టి ముందు బిందెల పని చూసేది. తర్వాత తర్వాత అదీ ఒక పాత్రే అయిపోయింది.

కస్తూరికీ గిరిప్రసాద్‌కూ పిల్లలు లేరు. బెంగళూరులో చాలా ఆస్పత్రులు తిరిగారు. ఇద్దరికీ అన్ని పరీక్షలూ చేసి, ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదని చెప్పారు. ఆమెను ఎక్కువ తికమక పెట్టింది ఆ మాటే. లోపం ఉందంటే దాన్ని పట్టుకుని ఏడవచ్చు, మందు మింగవచ్చు, కోపగించుకోవచ్చు. లేదంటే ఏం చేయాలి? చివరికి ఒకసారి ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మరిచిపోయారు. మరిచిపోయామని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు ఆమెకు నలభై దాటాయి. పోయిన ఎండాకాలం పెళ్లిళ్ల సందడిలో మధ్యాహ్నం అన్నం సాయంత్రానికి తినడం, ఒక్కోరోజు కాఫీతోనే గడిపేయడం జరిగింది. కడుపులో మంట పట్టుకుంది. రెండు ముద్దలు తింటే చాలు, పొట్ట బిగదీసుకుపోయేది. దగ్గర్లోని డాక్టరు రెండు వారాలు వాడమని ఒక మాత్ర రాసిచ్చాడు. రోజూ పరగడుపున ఒకటి. అది వేసుకున్నాక ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. కడుపు తేలికపడింది, ఎందుకో మనసూ తేలికపడింది. రెండు వారాలయ్యాక మాత్ర ఆపితే మంట తిరిగి వచ్చింది. గిరిప్రసాద్ ఖాళీ మాత్రల అట్టను మందుల అంగట్లో చూపించి ఇంకొకటి తెచ్చాడు. అది అయిపోతే మరొకటి. కొన్నాళ్ళకు పొద్దున కాఫీకి ముందు మాత్ర మింగడం పళ్ళు తోముకున్నట్టే అయింది. ఇంట్లో దాని పేరు గ్యాస్ మాత్ర. మందు అని ఎవరూ అనలేదు.

దీపావళికి ముందే నెలసరి గాడి తప్పింది. తర్వాత పూర్తిగా ఆగింది. వయసు వచ్చిందిలే అనుకుంది కస్తూరి. వాళ్ళమ్మకూ తొందరగానే నిలిచిపోయింది. ఇంక ఎదురుచూడాల్సిన పని లేదన్న నెమ్మది కూడా కొంచెం కలిగింది.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున స్నానం చేస్తూ రొమ్ము తుడుచుకుంటే చేతికి తెల్లగా ఏదో తగిలింది. సబ్బు నురగ అనుకుని నీళ్ళు పోసుకుంది. మళ్ళీ వచ్చింది. ఆ సాయంత్రం రవికె విప్పితే లోపలి గుడ్డ మీద రూపాయి బిళ్ళంత మచ్చ, గంజి పెట్టినట్టు గట్టిపడి ఉంది.

ఆమెకు మొదట వచ్చింది భయమే. రొమ్ములోంచి ఏది కారినా అది పెద్ద జబ్బుకు గుర్తని ఎవరో అనగా విని ఉంది. మరుసటి పొద్దున తలుపు గడియ పెట్టుకుని మెల్లగా నొక్కి చూసింది. రెండు వైపులా వచ్చింది. చీము కాదు, నెత్తురు కాదు. వేలికి అంటినదాన్ని నాలుక మీద పెట్టుకుంది. తియ్యగా ఉంది. చెల్లెలి పిల్లల్ని పసితనంలో ఎత్తుకుని తిరిగినప్పుడు వాళ్ళ నోటి నుంచి వచ్చిన వాసనే ఇది.

పాలు. నెలసరి లేదు, పాలు వస్తున్నాయి. ఈ రెండూ కలిసి చెప్పేది ఒక్కటే కదా. ఆ ఒక్క మాటను ఆమె మనసులో కూడా అనుకోలేకపోయింది. అనుకుంటే పోతుందేమో అన్న భయం. అనుకోకపోతే మాత్రం ఊరుకుంటుందా? బియ్యం కడుగుతుంటే, కరెంటు పెన్ను పట్టుకుంటే అదే ధ్యాస. ఒక టిఫిన్ క్యారియర్ మీద పేరులో ఒక అక్షరం తప్పు వేసింది. ఇన్నేళ్ళలో అదే మొదలు.

చెల్లెలు శోభన కృష్ణగిరిలో ఉంటుంది, బడిలో టీచరు. కస్తూరి మేడ మీదికి వెళ్ళి ఆమెకు ఫోన్ చేసింది. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక ముందు పిల్లల చదువు గురించి, తర్వాత మిక్సీ గురించి అడిగింది. చివరికి విషయం చెప్పింది.

"అక్కా, పాలు కాన్పయినాక కదా వచ్చేది," అంది శోభన. "మొదట్లోనే వస్తాయా? నాకైతే రాలేదు."

"నాకేం తెలుసు. నువ్వు రెండు కన్నదానివి, నువ్వు చెప్పు."

"నాకూ తెలీదక్కా. ఒకొక్కరికి ఒకొక్క మాదిరి ఉంటాదేమో. ముందు కిట్ తెచ్చి చూసుకో."

ఎదురుగా ఉన్న మందుల అంగట్లో అడిగితే పొద్దుగూకే లోపల వీధంతా తెలుస్తుంది. ఆమె టౌన్ బస్సెక్కి జూజువాడికి పోయింది. చెక్‌పోస్టు దగ్గర లారీల వరుస పక్కన ఒక చిన్న మందుల అంగడి కనిపించింది. అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. కౌంటరు దగ్గర కుర్రపిల్ల కిట్ చుట్టి ఇస్తూ ముఖం కూడా చూడలేదు.

కిట్‌లో ఒక్క గీతే వచ్చింది. కస్తూరి దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. పక్కకు వంచి చూస్తే రెండో గీత నీడలాగా ఉన్నట్టుంది. కళ్ళు నలుపుకుని చూస్తే లేదు. శోభనకు ఫోటో పంపితే, తనకూ ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది అని జవాబు. ఒకొక్కసారి తప్పు కూడా చూపిస్తుందని వాళ్ళ బడిలో ఎవరో అన్నారట. అక్కచెల్లెళ్ళిద్దరూ తమకు కావలసినంత అనుమానాన్ని ఆ ప్లాస్టిక్ ముక్క మీద వదిలిపెట్టుకున్నారు.

గిరిప్రసాద్‌కు చెప్పాలని ఆమె అనుకోలేదు. కానీ మరునాడు అంగట్లో పెద్ద అండాను అటక మీది నుంచి దించాల్సి వచ్చింది. ఎప్పుడూ తానే ఒక చెయ్యి వేసే కస్తూరి వెనక్కి జరిగింది. ఒళ్ళు బాగాలేదా అని అతను అడిగాడు. బాగానే ఉందంది. మరెందుకని అడిగితే జవాబు చెప్పకుండా కళ్ళు తుడుచుకుంది. అతను షట్టరు సగానికి దించి, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పింది.

గిరిప్రసాద్ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆమె ముఖంలోకీ, నేలవైపూ మార్చి మార్చి చూశాడు.

"నిజమా?" అన్నాడు.

"తెలియడం లేదు. పాలు నిజం. మిగతాది తెలీదు."

"సరి. నువ్వేమీ ఎత్తొద్దు. తెలిసేదాకా ఏమీ ఎత్తొద్దు."

అంతే అన్నాడు. కానీ ఆ సాయంత్రం సంతకు పోయి దానిమ్మపళ్ళు తెచ్చాడు. రాత్రి అన్నం తానే వడ్డించాడు. తండ్రికి ఏమి చెప్పాడో, అసలు చెప్పాడో లేదో గానీ, మరుసటి రోజు అనంతయ్య మెట్ల దగ్గర కోడలికి అడ్డం నిలబడి, నీళ్ళ బిందె తానే పైకి పంపిస్తానన్నాడు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఆయన కళ్ళలోని తడి చూసి కస్తూరి తల దించుకుని పైకి వెళ్ళిపోయింది. ఇంకా ఏదీ తెలియకముందే ఇంట్లో అందరూ ఎంత దూరం వెళ్ళిపోయారు! వెనక్కి రమ్మని పిలవడం ఎట్లా?

ఇంక ఆలస్యం చేయకూడదని ఇద్దరూ హోసూరులోనే ఒక ఆడడాక్టరు దగ్గరికి వెళ్ళారు. నందిత అని చిన్న వయసు పిల్ల, ఓపిక గలది. చెప్పినదంతా విని స్కాన్ చేసింది. కస్తూరి తెర వైపు చూడలేదు. డాక్టరు ముఖమే చూసింది. ఆ ముఖంలో ఏ మార్పూ రాలేదు. అప్పుడే సగం తెలిసిపోయింది.

"గర్భసంచి ఖాళీగా ఉందమ్మా," అంది నందిత మెల్లగా. "గర్భం లేదు."

కస్తూరి లేచి చీర సర్దుకుంది. ఖాళీ అన్న మాట ఆమెకు కొత్త కాదు. కానీ ఈసారి ఖాళీకి తోడు రవికె లోపల తడి ఉంది. గర్భం లేకుంటే మరి ఈ పాలేమిటి అని అడిగింది. అది తెలుసుకోవాలంటే రక్తపరీక్ష చేయాలంది డాక్టరు. ఏవైనా మందులు వాడుతున్నారా అని కూడా అడిగింది. లేదంది కస్తూరి. బీపీ లేదు, షుగరు లేదు, ఏ మందూ లేదు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆమెకు నిజంగానే గుర్తుకు రాలేదు.

రక్తపరీక్షలో పాల హార్మోన్ ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉందని తేలింది. మెదడు కింది గ్రంథిలో చిన్న గడ్డ ఉన్నా ఇట్లా కావచ్చు, భయపడాల్సిన రకం కాదు గానీ తలకు స్కాన్ తీయించుకోవడం మంచిదని నందిత చెప్పింది. ముందుగా హార్మోన్ల డాక్టరును కలవమని కూడా చెప్పింది. బయటికి వచ్చాక ఇద్దరూ మోటారుసైకిల్ పక్కన చాలాసేపు నిలబడిపోయారు.

"కడుపు చూపించుకుందామని వస్తే తల చూపించుకోమంటా ఉండారే," అంది కస్తూరి.

గిరిప్రసాద్ తాళంచెవి చేతిలో తిప్పుతూ ఉన్నాడు గానీ బండి తీయలేదు.

ఇంటికి పోయి అనంతయ్యకు ఎవరు చెప్పాలన్నది ఇంకో చిక్కు. చివరికి కస్తూరే చెప్పింది. అదేమీ కాదంట మామా, ఏదో హార్మోన్ తప్పిందంట, అంది. ముసలాయన సరేనమ్మా అన్నాడు. నీళ్ళ బిందె మాత్రం ఆ తర్వాత కూడా ఆయనే పైకి పంపించాడు.

హార్మోన్ల డాక్టరు వారానికి ఒకసారి కృష్ణగిరికి వస్తాడని శోభన కనుక్కుంది. ఆయన పేరు ధనశేఖర్. అక్కాబావల్ని తన ఇంట్లో దింపుకుని, మధ్యాహ్నం తానే వెంటబెట్టుకుని తీసుకుపోయింది. కస్తూరికి ముందు రోజంతా తలలో గడ్డ తప్ప వేరే ఆలోచన లేదు. బస్సులో రెండు మూడుసార్లు నుదురు తడుముకుని చూసుకుంది, తగులుతుందేమోనని.

ధనశేఖర్ ముందుగా పాతవీ కొత్తవీ కాగితాలన్నీ చూశాడు. తర్వాత మందులేమైనా వాడుతున్నారా అని అడగలేదు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా నోట్లో ఏమేమి వేసుకుంటారో వరుసగా చెప్పమన్నాడు. కస్తూరికి నవ్వు వచ్చింది. లేస్తానే పళ్ళు తోముకుంటాను, గ్యాస్ మాత్ర వేసుకుంటాను, కాఫీ తాగుతాను, అని చెప్పుకుంటూ పోయింది.

"ఆగండమ్మా. గ్యాస్ మాత్ర ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండాకాలం నుంచి."

"అట్ట ఉందా?"

హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. చెల్లెలింట్లో రెండు రోజులు ఉండాల్సి వస్తుందేమోనని పెట్టుకుంది. ఆయన దాన్ని తిప్పి, వెనుక సన్నటి అక్షరాలు చదివి, బల్ల మీద పెట్టాడు. తలకు స్కాన్ ఇప్పుడే వద్దన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పింది కస్తూరికి ఒక్కసారిగా అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పించుకుంది.

"పాలు తయారు చేయమనే హార్మోన్ మెదడు కింద ఉండే చిన్న గ్రంథిలో పుడతాదమ్మా. దాన్ని ప్రొలాక్టిన్ అంటాము. ఆ గ్రంథికి మామూలుగానే అది ఎక్కువ వదలాలని ఉంటాది. పైనుంచి మెదడు 'ఇప్పుడొద్దు, ఆగు' అని కబురు పంపి ఆపి పెడతా ఉంటాది. ఆ కబురు మోసేది డోపమిన్ అనే రసాయనం. మీరు మింగే మాత్ర కడుపు కదలిక కోసం ఇచ్చేదే, చెడ్డది కాదు. కానీ డోపమిన్ వచ్చి కూర్చోవాల్సిన చోట ఇది ముందే పోయి కూర్చుంటాది. కబురు వచ్చింది, దిగేదానికి చోటు లేదు. ఇంక ఆపేవాళ్ళు లేరని గ్రంథి హార్మోన్ వదిలేస్తాది. పాలు వస్తాయి."

"మరి నెలసరి ఎందుకు నిలిచిపోయింది సార్?" అని అడిగింది శోభన.

"అది ఇంకొక సంగతి. ఈ పాల హార్మోన్ తిరిగి మెదడుకే పోతాది. అక్కడ కొన్ని నరాల కణాలు ఉండాయి. కిస్‌పెప్టిన్ అనే రసాయనం విడిచి పక్కనుండే ఇంకో గుంపు కణాల్ని తట్టి లేపడం వాటి పని. ఆ రెండో గుంపు చాలా చిన్నది, మొత్తం మెదడులో వెయ్యో రెండువేలో ఉంటాయి. కానీ అండం తయారీకి అసలు ఆర్డరు మొదలయ్యేది అక్కడే. అవి ఒక్కసారిగా కుమ్మరించవు. కాసేపటికి ఒకసారి, కాసేపటికి ఒకసారి, గుక్కలు గుక్కలుగా కబురు వదులుతాయి. అది గ్రంథికి పోయి, గ్రంథి నుంచి అండాశయానికి పోతాది. పాల హార్మోన్ ఎక్కువైతే తట్టి లేపే కణాలు ఊరకైపోతాయి. లేపేవాళ్ళు లేకుంటే ఆ గుంపు నిద్రపోతాది. నెలసరి ఆగిపోతాది. బాలింతలకు పాలిచ్చేటప్పుడు నెలసరి రాకపోవడం కూడా చాలామటుకు ఇట్లే. ఒక బిడ్డ పాలు తాగుతా ఉండగానే ఇంకో బిడ్డ వొద్దని ఒళ్ళు చేసుకున్న ఏర్పాటు."

కస్తూరి బల్ల మీది అట్టను దగ్గరికి లాక్కుంది.

"నాకు బిడ్డ లేదు కదా సార్," అంది. "అది దానికి తెలియదా?"

"దేనికమ్మా?"

"నా మెదడుకు."

"మీకు తెలుసు," అన్నాడు ధనశేఖర్. "ఆ కణాలకు తెలీదు. వాటికి తెలిసేది వాటిదాకా వచ్చిన కబురు ఒక్కటే. అది నిజమా తప్పా అని ఎవరినీ అడిగేదానికి లేదు. మీ ఒళ్ళు మిమ్మల్ని బాలింత అనుకుంటా ఉండాది."

గోడ పక్క కుర్చీలో కూర్చున్న గిరిప్రసాద్ ముందుకు వంగాడు. ఇన్నేళ్ళూ పిల్లలు లేకపోవడానికి ఇదేనా కారణం, ఇట్లాంటిదే ఏదైనానా, అని అడిగాడు. ఆ గొంతులోని ఆశ కస్తూరికి వింతగా వినిపించింది. పిల్లలు పుట్టాలన్న ఆశ కాదది, కనీసం కారణమైనా దొరకాలన్న ఆశ. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. మాత్ర మొదలైంది మొన్న ఎండాకాలంలో, పాత పరీక్షల్లో ఈ హార్మోన్ సరిగ్గానే ఉంది, పాత కారణమేమిటో తాను చెప్పలేనన్నాడు. మాత్ర ఆపి, మంటకు వేరే రకం మందు కొన్నాళ్ళు వాడి, వేళకు తినమన్నాడు. నెల తర్వాత మళ్ళీ రక్తం చూస్తానని, అప్పటికీ తగ్గకపోతే తలకు స్కాన్ తీద్దామని చెప్పాడు. నెలసరి తిరిగి మొదలయ్యాక ఇంకా పిల్లల కోసం ప్రయత్నించాలనుకుంటే చెప్పండి, ఈ వయసులో కష్టమే, అబద్ధం చెప్పను, అని కూడా అన్నాడు.

తలలో గడ్డ లేకపోవచ్చని సంతోషించాలి. శోభన సంతోషించింది కూడా, దారిలో మల్లెపూలు కొని అక్క తలలో పెట్టింది. గిరిప్రసాద్ మాత్రం ఆ రోజంతా, తర్వాత రోజంతా ఒకే మాట మీద ఉన్నాడు. తెచ్చింది నేనే కదా, అట్ట తీసుకుపోయి అడిగింది నేనే కదా, అని. నీకేం తెలుసు, నాకు బాగుంటుందనే కదా తెచ్చావు, అని ఆమె చెప్పిచూసింది. అతని బాధకు ఏమని సమాధానం చెప్పాలో, తన బాధకు పేరేమిటో ఆమెకు ఒకటీ అంతుపట్టలేదు.

నిజానికి ఆమెను వేధిస్తున్నది వేరే. గర్భం లేదు, అది తెలిసిపోయింది. కానీ ఈ పాలు అబద్ధమా? అబద్ధమైతే తియ్యగా ఎందుకున్నాయి? డాక్టరు తప్పు కబురు అన్నాడు. ఒళ్ళు మాత్రం ఆ తప్పు కబురుకు నిజమైన పాలు ఇచ్చింది. ఇన్నేళ్ళుగా తన ఒంటికి ఏదో చేతకాదని ఆమె అనుకుంటూ వచ్చింది. చేతనవుతుందని ఇప్పుడు తెలిసింది. అది తెలిసినందుకు సంతోషపడాలా, ఇట్లా తెలిసినందుకు ఏడవాలా? ఎవరిని అడగాలి? శోభనను అడిగితే, ఇంకెందుకక్కా ఆ ఆలోచన, అంటుంది. నిజమే, ఎందుకు?

మాత్ర ఆపింది. కడుపులో మంట కొంచెం వచ్చింది, కొత్త మందుకు తగ్గింది. పాలు రోజురోజుకూ పలచబడ్డాయి. పొద్దున స్నానానికి వెళ్ళినప్పుడు చూసుకోవడం ఒక అలవాటైపోయింది. తగ్గుతున్నాయా అని చూసుకుంటున్నానని తనకు తాను చెప్పుకునేది. ఒక పొద్దున ఎంత నొక్కినా ఏమీ రాలేదు.

ఆమె తల తుడుచుకోకుండానే వంటింట్లోకి వచ్చింది. పోపుల డబ్బాల వెనకాల పాత అట్ట ఒకటి ఉంది. అందులో రెండు మాత్రలు మిగిలి ఉన్నాయి. పారేద్దామనుకుని ఇన్నాళ్ళూ పారేయలేదు. ఒకటి నొక్కి అరచేతిలో వేసుకుంది. నీళ్ళ గ్లాసు కూడా తీసుకుంది. మంట లేదు. బిగువు లేదు. అయినా ఆ మాత్ర చేతిలో ఉంది. ఎందుకు తీశానని తనను తానే అడుగుతూ అక్కడే నిలబడిపోయింది.

గిరిప్రసాద్ కాఫీ కోసం వచ్చాడు. చేతిలోది చూశాడు.

"కడుపు మండతా ఉందా?"

ఔనని చెప్పడం సులువు. "లేదు," అంది.

"మరి?"

"పాలు నిలిచిపోయినాయి."

అతను గడప మీద కూర్చున్నాడు. తడి జుట్టులోంచి నీళ్ళు కారి ఆమె వీపంతా చల్లబడుతోంది. అతను తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"ఆ నాలుగు దినాలూ నేను పేరు అనుకుంటా ఉంటిని. నీకు చెప్పలేదు."

"ఏం పేరు?"

"యతీశ్ అని."

"ఆడపిల్లైతే?"

"అది నువ్వు పెడతావులే అని విడిచిపెట్టినాను."

కస్తూరికి నవ్వు వచ్చింది, దాని వెనకాలే ఏడుపు వచ్చింది. రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోయింది. అతని పక్కనే గడప మీద కూలబడింది. ఇరుకు గడప, ఇద్దరూ పట్టడం కష్టమే. మాత్రను అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఏం చేశాడో ఆమె ఎప్పుడూ అడగలేదు. రెండోదాన్ని అట్టతో సహా తానే చెత్తబుట్టలో వేసింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే నెలసరి వచ్చింది. అంగట్లో కూర్చుని ఉండగా, ఒక మామూలు మధ్యాహ్నం. పైకి వెళ్ళి చూసుకుని, కాసేపు అట్లాగే గోడకు ఆనుకుని నిలబడింది. ఆ చిన్న గుంపు నిద్ర లేచిందన్నమాట. ఎక్కడో తలలోపల ఒకటి తట్టింది, ఇంకొకటి లేచి గుక్కలు గుక్కలుగా కబురు పంపింది, అది ఇక్కడిదాకా వచ్చింది. తనకు ఒక్క మాట చెప్పకుండా, తనను ఏమీ అడగకుండా. ఈసారి వచ్చింది సరైన కబురే. కానీ సరైన కబురు ఎవరికోసం వస్తోంది, ఇంక ఎన్నాళ్ళు వస్తుంది?

నెల తర్వాత కృష్ణగిరికి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చారు. హార్మోన్ మామూలుకు దిగిందని, తలకు స్కాన్ అక్కర్లేదని ధనశేఖర్ చెప్పాడు. పిల్లల సంగతి ఆలోచించారా అని అడిగాడు. మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆలోచించి చెబుతామన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు శూలగిరి దాటేదాకా ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు. అప్పుడు గిరిప్రసాద్, నీకెట్లుంది, అని అడిగాడు. బాగుంది, అంది. కాసేపాగి, తెలియడం లేదు, అంది. నాకూ అంతే, అన్నాడతను. ఈసారి మరిచిపోయినట్టు ఉండొద్దు, ఆస్పత్రికి పోయినా పోకున్నా ఇద్దరం అనుకునే చేద్దాం, అని కూడా అన్నాడు. ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది.

వాళ్ళు ఇల్లు చేరేసరికి అనంతయ్య మేడ మీద చాప పరుచుకుని, నానబెట్టిన అనపగింజల్ని తొక్క ఊడేలా పితుకుతూ ఉన్నాడు. ఊళ్ళో అనపకాయల కాలం, ఏ వీధిలో చూసినా ఆ పచ్చి వాసనే. రాత్రికి పితికిపప్పు చేసుకుందామని పక్కింటి వాళ్ళతో తెప్పించాడట. కస్తూరి కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమన్నారమ్మా?"

"అంతా సరిగ్గా ఉందంట మామా."

ముసలాయన ఇంకొన్ని గింజలు పితికాడు. తొక్క ఒకవైపు, పప్పు ఒకవైపు.

"సరిగ్గా ఉందంటే మనకు మంచిదా, ఎట్లమ్మా?"

ఇంకెవరైనా అడిగి ఉంటే మంచిదేనని చెప్పి ఉండేది. "నాకూ తెలియలేదు మామా," అంది.

ఆయన తల ఊపి, గిన్నెను ఇద్దరికీ మధ్యలోకి జరిపాడు. కస్తూరి పిడికెడు గింజలు ఒళ్ళో వేసుకుని పితకడం మొదలుపెట్టింది.